ఒక ప్రాంతానికి ఒక ఎర్ర ద్రాక్ష ఎలా గుర్తింపు అవుతుంది? నెబియోలో, మాల్బెక్, మన బెంగళూరు బ్లూ

మీరు అడిగింది ఇది: నంది హిల్స్ దగ్గర ఒక వైనరీ చూడడానికి వెళ్లారు. అర్జెంటీనా అంటే మాల్బెక్, ఇటలీలో బరోలో అనే ఊరి వైన్ అంటే నెబియోలో అని అక్కడ చెప్పారు. ఒక ప్రాంతానికీ ఒక ఎర్ర ద్రాక్షకీ అంత గట్టి సంబంధం నిజంగా ఉంటుందా, లేక అమ్ముకోవడానికి చెప్పే మాటా? ఉంటే, పేరులోనే ఊరు పెట్టుకున్న బెంగళూరు బ్లూతో ఇక్కడి వైనరీలు మంచి రెడ్ వైన్ ఎందుకు చేయడం లేదు?

నా ఉద్యోగమంతా దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, చిక్కబళ్లాపుర చుట్టుపక్కల ద్రాక్ష తోటలతోనే గడిచింది. అందుకని సీసా వైపు నుంచి కాకుండా తోట వైపు నుంచి చెబుతాను. కాస్త పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

సంబంధం నిజమే. మామిడిలో ఇది మనకి బాగా తెలుసు: రత్నగిరి ఆల్ఫాన్సో అంటు తెచ్చి మన పొలంలో నాటితే చెట్టు పెరుగుతుంది, కాయ కాస్తుంది, ఆ వాసన మాత్రం రాదు. ద్రాక్షలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. కారణం అడిగితే చాలామంది ముందు మట్టి పేరు చెబుతారు. మట్టికి పాత్ర ఉంది, దాని దగ్గరికి వస్తాను. కానీ నేను ముందు చూసేది కాలాన్ని. ఒక రకం చిగురు వేసిన దగ్గర్నుంచి కోతకి రావడానికి ఎంత కాలం తీసుకుంటుంది? ఆ చివరి నెలన్నరలో అక్కడి వాతావరణం వేడెక్కుతూ ఉంటుందా, చల్లబడుతూ ఉంటుందా? ఈ రెండూ ఎక్కడ కుదురుతాయో అక్కడే ఆ ద్రాక్ష తన అసలు రుచి చూపిస్తుంది.

ఎందుకో చెప్పాలంటే కాయ లోపలికి వెళ్లాలి. రంగు తిరగడం మొదలైన రోజు నుంచి లోపల చాలా పనులు వేర్వేరు వేగాలతో జరుగుతాయి. చక్కెర పెరుగుతుంది. కాయకి పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తగ్గుతుంది. వేడి ఎక్కువగా ఉంటే ఇంకా త్వరగా తగ్గుతుంది, ఎందుకంటే కాయ శ్వాసకి ఖర్చు పెట్టుకునేది దాన్నే. తొక్కలో ఆంథోసయనిన్లు, అంటే రంగునిచ్చే పదార్థాలు చేరతాయి. గింజ పచ్చరంగు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, కొరికితే నాలుకని పట్టేసే పచ్చి వగరు తగ్గుతుంది. ఎండ మండుతున్న చోట చక్కెర ముందు పరుగెత్తుతుంది, తొక్క, గింజ వెనకబడతాయి. చక్కెర కొలిచే బ్రిక్స్ మీటర్ 24 చూపిస్తుంది, గింజ కొరికితే ఇంకా పచ్చిగానే ఉంటుంది. అప్పుడే కోస్తే వైన్ పచ్చివగరు కొడుతుంది. గింజ పండేదాకా ఆగితే ఆల్కహాల్ పెరిగిపోయి, పులుపు పోయి, చప్పగా బరువుగా తయారవుతుంది. వాతావరణం చల్లబడుతున్న చోట చక్కెర నెమ్మదిస్తుంది కాబట్టి తొక్కకీ గింజకీ సమయం దొరుకుతుంది. చక్కెర, పులుపు, తొక్క, గింజ అన్నీ దాదాపు ఒకే వారంలో సిద్ధమయ్యే చోటు ఒక్కో ద్రాక్షకి ఒక్కోటి. కొన్ని రకాలు చాలా చోట్ల సర్దుకుపోతాయి. కాబర్నే సావిన్యాన్ అలాంటిది, ప్రపంచంలో 3 లక్షల హెక్టార్లకు పైగా ఉంది. కొన్ని అస్సలు సర్దుకోవు.

సర్దుకోని వాటిలో నెబియోలో మొదటిది. ఇటలీ వాయవ్య మూల పీడ్‌మాంట్‌లో, లాంగె కొండల్లో పెరుగుతుంది. 13వ శతాబ్దం రికార్డుల్లోనే దీని పేరు ఉంది. వసంతంలో పక్క రకాలకంటే ముందే చిగురు వేస్తుంది, కోతకి మాత్రం అక్టోబర్ దాకా రాదు. అంటే మొదట్లో మంచు దెబ్బ భయం, చివర్లో వానల భయం, రెండూ రైతుకే. పక్కనే పెరిగే దొల్చెట్టో రకం సెప్టెంబర్‌లోనే ఇల్లు చేరిపోతుంది. ఇంత ఆలస్యంగా పండేదానికి ఎండ ప్రతి గంటా కావాలి. అందుకే అక్కడ దక్షిణం, నైరుతి వైపు తిరిగిన వాలులు, చలికాలంలో మంచు ముందుగా కరిగే వాలులు నెబియోలోకి ఇస్తారు. తర్వాతి స్థలం బార్బెరా రకానికి. ఎండ తక్కువ తగిలే ఎత్తైన చోట్లు దొల్చెట్టోకి. ఒక్క కొండ మీదే మూడు రకాలు ఇలా పంచుకుని ఉంటాయి. ఊళ్లో అన్నిటికంటే విలువైన నేల, అన్నిటికంటే మొండి మొక్కకి. తరాలుగా ఈ లెక్క తప్పకుండా పాటించడం వల్లే బరోలోకి ఆ పేరు వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మొక్కతో ఇంకో తిప్పలు కూడా ఉన్నాయి. కొమ్మ మొదట్లో ఉండే రెండు మూడు కళ్లు గుత్తి వేయవు. మన దగ్గర చాలా రకాలకి చేసినట్టు పొట్టిగా కత్తిరిస్తే పంటే ఉండదు. ప్రతి ఏడూ ఒక పొడవాటి కొమ్మని ఉంచి, వంచి, వైరుకి కట్టాలి. అదంతా చేత్తో చేసే పని.

ఇక గ్లాసులోకి వస్తే. నెబియోలో వైన్ మొదటిసారి పోసుకున్నవాళ్లు రంగు చూసి నీళ్లు కలిశాయేమో అనుకుంటారు. లేత ఎరుపు, కొన్నేళ్లకే అంచుల్లో ఇటుక రంగు. దానికి కారణం తొక్కలోనే ఉంది. కాబర్నేలో ఎక్కువగా ఉండే రంగు పదార్థం మాల్విడిన్ రకం, అది గాలికి కొంత తట్టుకుంటుంది. నెబియోలోలో సయనిడిన్, పియోనిడిన్ రకాలు ఎక్కువ, అవి త్వరగా ఆక్సీకరణం చెంది రంగు కోల్పోతాయి. ఇంత లేతగా ఉంది కదా, తేలిగ్గా ఉంటుందనుకుని ఒక గుక్క తాగితే చిగుళ్లు బిగుసుకుపోతాయి. టానిన్ వగరు, పులుపు రెండూ బాగా ఎక్కువ. వాసన మాత్రం గులాబీ, ఎండిన చెర్రీ, కాస్త తారు. లేత రంగు, సున్నితమైన వాసన, ఉక్కులాంటి పట్టు, ఈ మూడూ ఒకే ద్రాక్షలో కలిసి ఉండడం చాలా అరుదు. రుచి చూడగానే చాలామంది దీన్ని పేరు చెప్పకుండానే గుర్తుపట్టేది అందుకే.

అక్కడి చట్టం కూడా ఈ స్వభావాన్ని బట్టే నడిచింది. బరోలో అని రాయాలంటే పూర్తిగా నెబియోలోనే ఉండాలి, కనీసం 38 నెలలు నిలవ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. పక్కనే ఉన్న బార్బరెస్కోకి 26 నెలలు. ఆ వగరు మెత్తబడడానికి కావలసిన సమయం అది. బరోలోకి ఇటలీ అత్యున్నత హోదా డీఓసీజీ 1980లో వచ్చింది. ఆ దశాబ్దంలోనే అక్కడ పెద్ద వాదన కూడా నడిచింది. తొక్కలతో వారాల తరబడి నానబెట్టి, పెద్ద పాత పీపాల్లో ఏళ్లపాటు ఉంచే తాతల పద్ధతి ఒక పక్క. కొద్ది రోజులే నానబెట్టి, చిన్న కొత్త ఫ్రెంచ్ పీపాల్లో పోసి త్వరగా తాగేట్టు చేద్దామనే కొత్త తరం ఇంకో పక్క. నాకు పాత పద్ధతి వైన్లే ఇష్టం. కొత్త పీపా ఇచ్చే వనిల్లా వాసన ఆ గులాబీ వాసనని కమ్మేస్తుంది. అయితే కొత్త తరం తోటలో తెచ్చిన శుభ్రత, గుత్తులు తగ్గించి మిగిలినవాటిని బాగా పండించే అలవాటు ఇద్దరికీ మేలు చేశాయి.

మట్టి గురించి ఇప్పుడు చెప్పొచ్చు. లా మొర్రా, బరోలో ఊళ్ల వైపు నీలి బూడిద రంగు సున్నపు బంకమట్టి ఎక్కువ. అక్కడి వైన్లు సువాసనతో, కొంచెం త్వరగా మెత్తబడుతూ ఉంటాయి. కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న సెర్రాలుంగా, మోన్‌ఫోర్తె వైపు నేల ఇంకా పాతది, గట్టిది; అక్కడి వైన్లు బిగువుగా, ఏళ్లు గడిస్తేగానీ లొంగనట్టు ఉంటాయి. ఒకే ద్రాక్ష, దాదాపు ఒకే వాతావరణం, ఒకే చట్టం కాబట్టే అక్కడ మట్టి తేడా బయటికి తెలుస్తుంది. రకం ఆ చోటికి కుదరకపోతే మట్టి ఎంత గొప్పదైనా నాలుకకి అందదు. ఆస్ట్రేలియాలో, కాలిఫోర్నియాలో, మెక్సికోలో కూడా నెబియోలో వేశారు. కొందరు చక్కగా చేస్తున్నారు కూడా. అయినా ప్రపంచంలో ఉన్న నెబియోలోలో అత్యధిక భాగం ఇప్పటికీ ఉత్తర ఇటలీలోనే ఉంది.

మాల్బెక్ కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అది పుట్టింది ఫ్రాన్స్ నైరుతిలో, కాహోర్ దాని పాత ఇల్లు. అక్కడి పేరున్న వైన్ ప్రాంతం బోర్డోలో కూడా ఒకప్పుడు చాలా ఉండేది. కానీ ఆ తేమలో దానికి సుఖం లేదు: పూత రాలిపోతుంది, కుళ్లు వస్తుంది, మంచుకి తట్టుకోదు. 1956 ఫిబ్రవరి చలికి కాహోర్‌లో తోటలు చాలావరకు చచ్చిపోయాయి. అంతకు వందేళ్ల ముందే, 1853లో, మిషెల్ ఏమె పుజే అనే ఫ్రెంచ్ వ్యవసాయ శాస్త్రవేత్త దాన్ని అర్జెంటీనాకి చేర్చాడు. అక్కడ మాల్బెక్‌కి ఇల్లైన మెండోసా ప్రాంతం ఆండీస్ పర్వతాల వాన నీడలో ఉంది. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వానే. అనంతపురం జిల్లాలో పడే దానిలో సగం కూడా కాదు. పర్వతాల మంచు కరిగిన నీళ్లని కాలవల్లో పారిస్తారు. పేరున్న తోటలు చాలావరకు 900 మీటర్ల పైన ఉంటాయి, ఊకో లోయలో 1,500 మీటర్ల దాకా వెళ్తాయి. పొడి గాలి వల్ల పూత నిలుస్తుంది, కుళ్లు రాదు. ఎత్తులో అతినీలలోహిత కిరణాలు ఎక్కువ కాబట్టి కాయ తనని కాపాడుకోవడానికి తొక్కలో రంగు, టానిన్ ఎక్కువగా పేర్చుకుంటుంది. రాత్రి చలికి పులుపు మిగులుతుంది. అందుకే కాహోర్ మాల్బెక్ నల్లగా, కరుగ్గా, మట్టి వాసనతో ఉంటే, మెండోసాది ఊదారంగులో, నేరేడు, ప్లమ్ గుర్తొచ్చేట్టు, వగరు మెత్తగా ఉంటుంది. పుట్టిన ఊళ్లో కాకుండా చేరిన ఊళ్లో పేరు తెచ్చుకుంది. 1980ల్లో అర్జెంటీనా రైతులు గిరాకీ లేదని మాల్బెక్‌ని పెద్ద ఎత్తున పీకేశారు. ఆ కష్టకాలంలో పీకకుండా ఉంచుకున్న పాత తోటలే ఇవాళ అక్కడ అన్నిటికంటే విలువైనవి.

వాసనలు కూడా కాలాన్ని బట్టే మారతాయనడానికి చిలీ కార్మెనేర్ మంచి సాక్ష్యం. 1994 దాకా చిలీలో దాన్ని మెర్లో అనే ఇంకో ఎర్ర రకం అనుకునే పెంచారు. ఆ ఏడాది జాన్ మిషెల్ బుర్సికో అనే ఫ్రెంచ్ నిపుణుడు తోటలో ఆకులు చూసి ఇది బోర్డోలో దాదాపు మాయమైపోయిన కార్మెనేర్ అని చెప్పాడు. కార్మెనేర్ మెర్లో కంటే వారాల తరబడి ఆలస్యంగా పండుతుంది. మెర్లో అనుకుని మెర్లోతోపాటు కోసేస్తుంటే వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన కొట్టేది. ఆ వాసనకి కారణం మెథాక్సీపైరజీన్లు. ఎండకి, పండేకొద్దీ అవి తగ్గుతాయి. రకం తెలిశాక ఆగి కోయడం నేర్చుకున్నారు, వైన్ మారిపోయింది. అలాగే షిరాజ్ అనే ఎర్ర ద్రాక్షలో వచ్చే మిరియాల వాసన రోటండోన్ అనే పదార్థం వల్ల. మన మిరియాల్లో ఉన్నది కూడా అదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో దాన్ని ప్రకటించారు. చల్లటి చోట్ల పండిన షిరాజ్‌లో అది ఎక్కువగా, బాగా వేడి చోట్ల తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. బరోలో 44 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉంది, బెంగళూరు 13 దగ్గర. ఇక్కడ ద్రాక్ష తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోదు. దాని ఏడాదిని మనమే కత్తెరతో నడపాలి. ఏప్రిల్‌లో ఒక కటింగ్ చేస్తాం, అది కొమ్మ కోసం. రాబోయే పంటకి కన్నులో గుత్తి తయారయ్యేది ఆ తర్వాతి వారాల్లోనే. సెప్టెంబర్, అక్టోబర్‌లో రెండో కటింగ్, అది కాయ కోసం. కళ్లన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తాం. వైన్ రకాలు ఫిబ్రవరి, మార్చిలో కోతకి వస్తాయి.

ఈ లెక్కలో అసలు కిటుకు చూడండి. లాంగె కొండల్లో కాయ చలిలోకి వెళ్తూ పండుతుంది. ఇక్కడ ఎండల్లోకి వెళ్తూ పండుతుంది. అక్కడ వారం ఆగితే చల్లబడుతుంది, ఇక్కడ వారం ఆగితే ఇంకో డిగ్రీ పెరుగుతుంది. జనవరిలో రాత్రి 15, 16 డిగ్రీలు ఉండే చోట మార్చి మధ్యాహ్నం 33 దాటుతుంది. చక్కెర ఉరుకుతుంది, మాలిక్ ఆమ్లం కరిగిపోతుంది. చాలా వైనరీల్లో టార్టారిక్ ఆమ్లం కలిపి పులుపు సరిచేయాల్సి వస్తుంది. పోనీ, ముందే కటింగ్ చేసి చలికాలంలోనే పండిద్దామంటే పూత సరిగ్గా అక్టోబర్, నవంబర్ వానల్లో పడుతుంది, బూజు తెగులు గుత్తిని మొదట్లోనే తినేస్తుంది. వానకీ ఎండకీ మధ్య ఉన్న ఆ ఇరుకు సందులో పంట తీయాలి. బెంగళూరుకి ఉన్న వరం 900 మీటర్ల ఎత్తు, దానివల్ల వచ్చే చల్లటి రాత్రులు. అదే లేకపోతే ఇక్కడ రెడ్ వైన్ మాటే ఉండేది కాదు. నెబియోలో లాంటి ఆలస్యపు రకాన్ని ఇక్కడ వేస్తే అది సరిగ్గా ఏప్రిల్ ఎండల్లోకి వెళ్లి పడుతుంది. అందుకే ఎవరైనా ఇక్కడ బరోలో చేస్తామంటే నేను వద్దనే చెబుతాను.

బెంగళూరు బ్లూ విషయంలో మీ ప్రశ్న న్యాయమైనది. ఈ నేలకి, ఈ వానకి ఇంతగా అలవాటుపడ్డ ద్రాక్ష ఇంకోటి లేదు. పందిరి మీద ఏడాదికి రెండు పంటలు ఇస్తుంది. పక్షికన్ను తెగులుని తట్టుకుంటుంది, బూజు తెగులుకి మాత్రం లొంగుతుంది. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్లాపుర, కోలారు జిల్లాల్లో ఎన్నో చిన్న కమతాలు దీని మీదే బతికాయి. మన హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ పందిళ్లు కట్టి, తీగలు అల్లించి స్థిరపడ్డ కుటుంబాలు నాకు బాగా తెలుసు. దీనికి జీఐ, అంటే ఈ ప్రాంతపు సొంత పంట అనే ప్రభుత్వ గుర్తింపు కూడా ఉంది.

కానీ పుట్టుక చూస్తే ఇది యూరప్ వైన్ ద్రాక్ష జాతి కాదు. అమెరికాకి చెందిన లాబ్రుస్కా జాతి రక్తం ఉన్న సంకరం. ఇసబెల్లా అనే పాత అమెరికన్ రకమే ఇది అని ద్రాక్ష శాస్త్రం రాస్తుంది. కొరికితే తొక్క ఒక పక్కకి జారిపోయి గుజ్జు ముద్దగా నోట్లో పడుతుంది కదా, అది ఆ జాతి లక్షణం. దాని ఘాటు వాసనకి కారణమైన పదార్థాల్లో ఒకటి మిథైల్ ఆంథ్రనిలేట్. గ్రేప్ చూయింగ్ గమ్‌లో, గ్రేప్ సోడాలో వాడేది ఆ వాసనే. చక్కెర తోడుగా ఉన్నంతవరకు అది ఎంతో హాయిగా ఉంటుంది. పులియబెట్టి చక్కెరంతా పోయాక ఆ వాసన ఒంటరిగా మిగిలి, నోట్లో ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. రెండో ఇబ్బంది చక్కెర. సాధారణంగా 16 నుంచి 18 బ్రిక్స్ దగ్గర ఆగుతుంది, అంటే ఆల్కహాల్ 9, 10 శాతానికి మించడం కష్టం. బయటి నుంచి చక్కెర వేయాలి. మూడోది, వైన్‌ని నిలబెట్టే టానిన్ తక్కువ, పులుపు ఎక్కువ. డ్రై, అంటే తీపి లేని రెడ్ వైన్‌కి కావలసిన ఎముకల గూడు ఇందులో లేదు. అందుకే జ్యూస్‌కి, జామ్‌కి, పోర్ట్ పేరుతో అమ్మే తియ్యటి వైన్లకి వెళ్తుంది.

యూరప్‌లో ఇసబెల్లాని ఇంకా గట్టిగా చూశారు. ఫ్రాన్స్ 1934 చట్టంతో దీన్నీ, ఇంకో ఐదు అమెరికన్ సంకరాలనూ వైన్‌కి వాడకూడదంది. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ వస్తుందనే భయం కూడా అప్పట్లో ప్రచారంలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌ని నిజంగా పీడించింది అమ్ముడుపోని వైన్ గుట్టలు. ఇటలీలో ఇప్పటికీ పెరళ్లలో పెంచుకుంటారు, స్ట్రాబెర్రీ ద్రాక్ష అని ముద్దుగా పిలుస్తారు, వైన్ అని పేరు పెట్టి అమ్మడానికి మాత్రం వీల్లేదు.

ఇదంతా చెప్పినంత మాత్రాన బెంగళూరు బ్లూని తక్కువ చేయడానికి నేను ఒప్పుకోను. వైనరీల్లో కొందరు దాని పేరు చెప్పగానే ముఖం అదోలా పెడతారు, నాకు బాధ కలుగుతుంది. తెగులు మందుల ఖర్చు తక్కువ, చిన్న రైతుకి ఏడాదికి రెండుసార్లు చేతికి డబ్బు. జ్యూస్‌కి దీన్ని మించిన ద్రాక్ష నేను ఎరగను. ఇందులో ఉన్న ఓర్పుని తీసుకుని, ఆ ఘాటు వాసనని తగ్గించే ప్రయత్నం హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చేసింది. బెంగళూరు బ్లూకి బ్లాక్ చంపా రకాన్ని కలిపి అర్కా శ్యామ్, కాన్వెంట్ లార్జ్ బ్లాక్‌ని కలిపి అర్కా తృష్ణ తీశారు. రెండూ వైన్‌కి పనికొస్తాయని విడుదల చేసినవే. వైనరీలు వాటిని పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే సీసా మీద కాబర్నే అని ఉంటే కొనేవాడు అర్కా శ్యామ్ అంటే ఆగి ఆలోచిస్తాడు. ఇక్కడ మాత్రం మీరన్న మార్కెటింగ్ నిజంగానే పెత్తనం చేస్తోంది. ఈ ప్రాంతానికి సొంత ఎర్ర ద్రాక్ష అంటూ ఒకటి వచ్చేది ఉంటే, బయటి పేరు తెచ్చి అతికించడం కంటే ఈ దారిలోనే వస్తుందని నా ఆశ. ఎవరైనా ఒక మంచి వైన్‌మేకర్ కొన్నేళ్లు ఓపిక పట్టి, పంట తగ్గించి, అర్కా తృష్ణతో పని చేయాలి.

ఇప్పటికి ఉన్నవాటిలో అయితే నా ఓటు షిరాజ్‌కి. గ్రోవర్ వైనరీ వాళ్లు 1980ల చివర్లో దొడ్డబళ్లాపుర దగ్గర ఫ్రెంచ్ రకాలు వేశారు. బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ తర్వాత వాళ్లకి సలహాదారుగా వచ్చాడు. వాళ్ల లా రిజర్వ్ కాబర్నే, షిరాజ్ కలిసిన వైనే. కర్ణాటక ప్రభుత్వం వైన్ విధానం తెచ్చింది 2007లో. అంటే ఇక్కడి అనుభవం వయసు ఒక తరం మాత్రమే. బరోలో రైతులకి ఏ వాలు మీద ఏ రకం అన్నది తేలడానికి శతాబ్దాలు పట్టింది. ఉత్తరాన హంపి దగ్గర మన తెలుగు పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్ కుటుంబం కృష్మా ఎస్టేట్స్‌లో కాబర్నేతోపాటు ఇటలీ రకం సాంజోవేసె కూడా వేసింది. అలాంటి ప్రయోగాలు ఇంకా జరగాలి. నంది వైపు నేను ఎదురుచూసేది టెంప్రానిల్యో కోసం. స్పెయిన్ రకం, త్వరగా పండుతుంది, ఎండలు ముదరకముందే ఇల్లు చేరే అవకాశం ఉంది.

మీరే తేడా పట్టుకోవాలంటే ఒక సాయంత్రం మూడు సీసాలు పక్కపక్కన పెట్టండి: మెండోసా మాల్బెక్, నంది ప్రాంతపు షిరాజ్, ఒక నెబియోలో. బరోలో ఇక్కడ దిగుమతి సుంకాలతో చాలా ఖరీదు. లాంగె నెబియోలో అని రాసి ఉన్నది కొనండి, అదే కొండల ద్రాక్ష, తక్కువ కాలం నిలవ ఉంచినది. నలుగురు కలిసి పంచుకుంటే భారం తెలియదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి ముందు రంగు చూడండి. తాగాక చిగుళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉన్నాయో, నోటి పక్కల్లో ఎంత నీరు ఊరిందో గమనించండి. మొదటిది టానిన్, రెండోది పులుపు. మన గది వేడి 27, 28 డిగ్రీలు రెడ్ వైన్‌కి ఎక్కువ. సీసాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, లేకపోతే ఆల్కహాల్ ముక్కుకి కొట్టి మిగతావేవీ తెలియవు.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. మన కారం టానిన్‌ని ఇంకా కరుగ్గా, ఆల్కహాల్‌ని ఇంకా మంటగా చేస్తుంది. గుంటూరు కారం వేసిన కూరతో నెబియోలో తాగితే దాన్ని అనవసరంగా తిట్టుకుంటారు. కారం తగ్గించి చేసిన గోంగూర మటన్‌తో తాగి చూడండి: మాంసంలోని కొవ్వు, ప్రొటీన్ టానిన్‌ని పట్టుకుని మెత్తబరుస్తాయి, గోంగూర పులుపు ముందు వైన్ పులుపు చప్పబడకుండా నిలబడుతుంది. నాకు తెలిసినంతలో గోంగూరకి ఎదురు నిలిచే రెడ్ వైన్లు చాలా తక్కువ. షిరాజ్‌కి మిరియాలు వేసిన నాటుకోడి వేపుడు. మాల్బెక్‌కి కీమా, కబాబు ఏదైనా సరిపోతుంది.

తోట చూడాలంటే ఫిబ్రవరిలో, లేదా మార్చి మొదటి వారాల్లో వెళ్లండి. ఏప్రిల్ కటింగ్ అయ్యాక తీగల మీద చూడడానికి ఏమీ ఉండదు. అడిగితే చాలాచోట్ల ఒకటి రెండు కాయలు కోసి రుచి చూడనిస్తారు. దారిలో హాప్‌కామ్స్‌లో, అంటే ఇక్కడి రైతు సహకార పళ్ల దుకాణాల్లో, కొన్ని బెంగళూరు బ్లూ కూడా కొనుక్కుని వెళ్లి రెండూ పక్కపక్కన కొరకండి. తొక్క జారుతుందా, గుజ్జుకి అంటుకుని ఉందా? తొక్కని మాత్రమే నమిలితే ఎంత వగరు? గింజ రంగేమిటి, కొరికితే చేదా, వేయించిన పల్లీ రుచి దగ్గరికి వచ్చిందా? మీకేం తెలిసిందో ఇక్కడ రాయండి, మిగతాది దాన్నిబట్టి మాట్లాడుకుందాం.